పెన్ను ఎవరి చేతిలో ఉంది? కమ్యూనిటీ కాలేజీలో పాఠం తీరు మార్చుకోవడం గురించి

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెబుతాను. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కాలేజీలో ఆరేళ్లు గణితం చెప్పి, ఇప్పుడు అమెరికాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో, అంటే అందరినీ చేర్చుకునే రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలో, చేరారు. క్లాసును 'స్టూడెంట్ సెంటర్డ్'గా, అంటే విద్యార్థి కేంద్రంగా, మార్చమని మీ డీన్ అడిగారు. మీరు నలుగురేసి చొప్పున గ్రూపులు చేసి వర్క్‌షీట్లు ఇచ్చారు. నాలుగు వారాలు తిరిగేసరికి క్లాసంతా గోల, ఒకరు రాస్తుంటే ముగ్గురు ఫోన్లు చూసుకోవడం. పైగా ఇద్దరు వెళ్లి 'మా టీచర్ పాఠమే చెప్పడం లేదు' అని ఫిర్యాదు చేశారు. ఇదంతా నిజంగా పనిచేస్తుందా, లేక మళ్లీ బోర్డు దగ్గరికి వెళ్లిపోవాలా అని అడిగారు.

నేను 22 ఏళ్లుగా టెక్సాస్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీలో గణితం చెబుతున్నాను. అంతకుముందు గుంటూరులో ఒక డిగ్రీ కాలేజీలో ఐదేళ్లు చెప్పాను. మీరు ఇప్పుడున్న చోటే ఒకప్పుడు నేనూ నిలబడ్డాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

పాత పద్ధతికి వెళ్లకండి. కానీ మీరు వేసిన గ్రూపులను కూడా అలాగే కొనసాగించకండి. బల్లలు గుండ్రంగా జరిపినంత మాత్రాన క్లాసు మారదు. నేను చూసే కొలత ఒక్కటే: గంట పాఠంలో ఎన్ని నిమిషాలు పెన్ను విద్యార్థి చేతిలో ఉంది, వాళ్లు రాసింది చూసి నేను నా తర్వాతి మాట మార్చుకున్నానా లేదా. మొదటి సగం చాలామంది చేస్తారు. రెండో సగం దగ్గరే ఆగిపోతారు.

నా మొదటి సెమిస్టర్ సంగతి చెబుతాను. కాలేజ్ ఆల్జీబ్రా, 32 మంది. గుంటూరులో నా బోర్డు వర్క్‌కు మంచి పేరు ఉండేది. ఎడమ మూల నుంచి కుడి మూల దాకా ఒక్క అక్షరం చెరపకుండా మొత్తం లెక్క కనిపించేలా రాసేదాన్ని. ఇక్కడా అలాగే రాశాను. పిల్లలు శ్రద్ధగా ఎక్కించుకున్నారు. 'అర్థమైందా' అంటే తలలు ఊపారు. సెమిస్టర్ చివరికి క్లాసులో 18 మంది మిగిలారు. వాళ్లలో పాసైంది 13 మంది. ఇక్కడి పిల్లలకు పునాది లేదు, కష్టపడరు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే బాధగా ఉంటుంది.

ఆ తర్వాతి సెమిస్టర్‌లో రోజూ చివరి వరసలో కూర్చుని నిద్రపోయే ఒకతన్ని పిలిచి కాస్త గట్టిగానే అడిగాను. గిడ్డంగిలో రాత్రి పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా పని, ఇంటికెళ్లి కూతుర్ని బడికి తయారుచేసి దింపి, ఎనిమిదింటి నా క్లాసుకు వస్తున్నాడు. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి అతనే. 'ఇంటికి వెళ్లాక చదువుకునే టైమ్ నాకు లేదు మేడమ్, ఇక్కడ కూర్చున్న ఈ గంటే నా టైమ్' అన్నాడు. ఆ గంటను నేను అతని చేత నోట్సు ఎక్కించడానికి ఖర్చుపెడుతున్నాను. నేర్చుకునే పనంతా అతనికి లేని ఆ ఇంటి సమయంలోకి నెట్టేస్తున్నాను. నా ఆలోచన మారింది అక్కడే.

మనం వచ్చిన చోట పద్ధతి వేరు. క్లాసులో సార్ చెబుతారు, మనం రాసుకుంటాం, అసలు చదువు ఇంట్లోనో హాస్టల్లోనో ట్యూషన్‌లోనో జరుగుతుంది. అమ్మ టీ కప్పు పెట్టి వెళుతుంది, పక్క గదిలో సీనియర్ ఉంటాడు. ఆ ఏర్పాటు అంతా ఉంది కాబట్టి లెక్చర్ సరిపోయినట్టు కనిపిస్తుంది. కమ్యూనిటీ కాలేజీ పుట్టిందే ఆ ఏర్పాటు లేనివాళ్ల కోసం. 1901లో ఇల్లినాయ్‌లోని జోలియట్‌లో మొదటి ప్రభుత్వ జూనియర్ కాలేజీ (కమ్యూనిటీ కాలేజీకి అప్పటి పేరు, మన ఇంటర్ కాలేజీ కాదు) మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అధ్యక్షుడు ట్రూమన్ వేసిన ఉన్నత విద్యా కమిషన్ 1947 నాటి నివేదికతో 'కమ్యూనిటీ కాలేజీ' అనే మాటను దేశమంతా వ్యాప్తిలోకి తెచ్చింది. తలుపు అందరికీ తెరిచే ఉంటుంది, ప్రవేశానికి పోటీ లేదు. కానీ లోపల పాఠం చెప్పే తీరును మాత్రం యూనివర్సిటీ నుంచి తెచ్చుకున్నారు. తలుపు ఒకరి కోసం, గది ఇంకొకరి కోసం అన్నట్టు తయారైంది.

ఈ మాటను గట్టిగా లేవనెత్తింది కాలిఫోర్నియాలోని పాలోమార్ అనే కమ్యూనిటీ కాలేజీకి చెందిన రాబర్ట్ బార్, జాన్ టాగ్. 1995లో వాళ్లు రాసిన వ్యాసం మీ డీన్ నోట వినిపించే మాటలకు మూలం. వాళ్ల వాదన సులువుగా చెప్పాలంటే, కాలేజీ తన పని 'బోధన' అనుకుంటే ఎన్ని గంటలు చెప్పామో లెక్క చూసుకుంటుంది, తన పని 'విద్యార్థి నేర్చుకునేలా చేయడం' అనుకుంటే ఎవరికి ఏం వచ్చిందో చూసుకుంటుంది. ఇది వేదాంతంలా వినిపిస్తుంది కానీ డబ్బుల విషయం. మా టెక్సాస్‌లో చాలా కాలం కమ్యూనిటీ కాలేజీలకు రాష్ట్రం ఇచ్చే నిధుల్లో పెద్ద భాగం 'కాంటాక్ట్ అవర్స్' లెక్కన వచ్చేది. అంటే విద్యార్థి కుర్చీలో ఎన్ని గంటలు కూర్చుంటాడన్నదాని మీద. 2023లో చట్టం మార్చి, ఎక్కువ భాగాన్ని డిగ్రీలు, సర్టిఫికెట్లు, యూనివర్సిటీకి బదిలీలు వంటి ఫలితాలకు ముడిపెట్టారు. ఇందులో ఒక ప్రమాదం ఉంది, దాని గురించి కింద చెబుతాను.

ఇప్పుడు మీ గ్రూపుల సంగతి. అవి ఎందుకు చెడ్డాయో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అలాగే చెడగొట్టాను. మీరిచ్చిన వర్క్‌షీట్‌లో ఉన్నవి 'ఈ సమీకరణం సాధించండి' తరహా లెక్కలు అయ్యుంటాయి. అలాంటి లెక్కకు నలుగురు అక్కర్లేదు. వచ్చినవాళ్లు ఒక్కరే చేసేస్తారు, మిగతావాళ్లు ఎదురుచూస్తారు. ఎదురుచూసేవాళ్లు ఫోన్ తీయడం తప్పేమీ కాదు, మీరు వాళ్లకు చేయడానికి పని ఇవ్వలేదు. గ్రూపు పెట్టాలంటే ఒక్కరి వల్ల తేలని ప్రశ్న ఉండాలి, న్యాయంగా ఇద్దరికి రెండు అభిప్రాయాలు రాగలిగిన ప్రశ్న ఉండాలి.

నేను సరళరేఖల పాఠానికి వాడే ప్రశ్న ఇది. ఒక ఉద్యోగం గంటకు 18 డాలర్లు ఇస్తుంది, కానీ దూరం, రోజుకు రానూపోనూ గంటన్నర ప్రయాణం, 12 డాలర్ల ఖర్చు. ఇంకో ఉద్యోగం ఇంటి పక్కనే, గంటకు 16 డాలర్లు. మీరైతే ఏది తీసుకుంటారు? ముందు ఎవరితోనూ మాట్లాడకుండా రెండు నిమిషాలు ఒంటరిగా రాయాలి. ఈ రెండు నిమిషాల నియమం ఎప్పుడూ వదలకండి. చేతిలో తన జవాబు లేకుండా గ్రూపులో కూర్చున్న మనిషి ప్రేక్షకుడే అవుతాడు. తర్వాత పక్కవాళ్లతో ఇద్దరిద్దరుగా, నలుగురు వద్దు. ఆరు గంటల దగ్గర రెండూ సమానం, 96 డాలర్లు, అంతకు మించి పనిచేస్తే దూరపు ఉద్యోగమే మేలు అని ఎక్కువమంది తేలుస్తారు. రెండు గీతలు గీస్తే అవి ఖండించుకునే చోటు అదే. పాఠ్యపుస్తకం అక్కడితో ఆగుతుంది.

మా క్లాసు ఆగలేదు. ఒకావిడ, ఇద్దరు పిల్లల తల్లి, చెయ్యెత్తి 'దారిలో పోయే గంటన్నరకు డబ్బు ఎవరిస్తారు?' అని అడిగింది. క్లాసు ఒక్కసారి లేచి కూర్చుంది. సరే, ఆ గంటన్నర కూడా పనిలో భాగమే అనుకుని లెక్క వేయండి అన్నాను. ఎనిమిది గంటల షిఫ్టుకు చేతికొచ్చేది 132 డాలర్లు, కానీ పోయే సమయం తొమ్మిదిన్నర గంటలు, అంటే గంటకు 14 డాలర్లు కూడా పడదు. మరి ఎన్ని గంటలు చేస్తే గంటకు 16 పడుతుంది? లెక్క వేస్తే 18 గంటలు వచ్చింది. రోజుకు 18 గంటల షిఫ్టు! ఎవరో 'అందుకేనా నాకు ఏమీ మిగలడం లేదు' అన్నారు. షిఫ్టు పెరిగేకొద్దీ ఆ సగటు 18కి దగ్గరవుతుంది కానీ ఎప్పటికీ చేరదు అని వాళ్లంతట వాళ్లే గ్రాఫ్‌లో చూశారు. అసింప్టోట్ అనే మాట నేను అప్పుడు చెప్పాను. నెల తర్వాత రావలసిన పాఠం ఆ రోజు తనంతట తాను వచ్చింది. ఆ ప్రశ్న ఆవిడది, నాకు తట్టలేదు. ఇప్పుడు ప్రతి సెమిస్టర్ వాడుతున్నాను.

మా నాన్నగారు పల్లెటూళ్లో ఎలిమెంటరీ స్కూలు టీచరు. వైశాల్యం పాఠం వస్తే పిల్లల్ని పక్క పొలానికి తీసుకెళ్లి తాడుతో కొలిపించి, సెంట్లలో ఎంతో చెప్పించేవారు. ఆయన దీనికి ఏ పేరూ పెట్టలేదు. నేను పెద్ద చదువులు చదువుకుని ఆ తాడును మరిచిపోయాను. ఇది పడమటి దేశపు కొత్త ఫ్యాషన్ అని మన స్నేహితులు కొందరు అంటుంటారు కాబట్టి చెబుతున్నాను.

రెండోది, తప్పుల సంగతి. మనం తప్పు కనబడగానే సరిచేస్తాం. చాలా ఏళ్లు (a+b)²ను a²+b² అని రాసిన ప్రతి కాగితం మీద ఎర్ర గీత పెట్టి సూత్రం మళ్లీ రాశాను. మళ్లీ పరీక్షలో మళ్లీ అదే తప్పు. ఇప్పుడు ఆ తప్పునే బోర్డు మీద పెట్టి, పేరు చెప్పకుండా, 'ఇది నిజమో కాదో 3, 4 పెట్టి చూడండి' అంటాను. ఒకవైపు 49, ఇంకోవైపు 25. ఆ 24 ఎక్కడికి పోయింది? చతురస్రం గీసి వెతకమంటాను. రెండు పన్నెండ్లు, అంటే రెండు దీర్ఘచతురస్రాలు దొరుకుతాయి. పది నిమిషాలు పడుతుంది. నేను చెబితే అర నిమిషం. కానీ ఆ అర నిమిషం పని నేను సెమిస్టర్‌కు పదిసార్లు చేసేదాన్ని.

మూడోది చీటీలు. క్లాసు చివరి మూడు నిమిషాలు చిన్న కార్డు ఇచ్చి, ఈ రోజు ఏది బాగా తెలిసింది, ఎక్కడ చిక్కుపడ్డారు అని రాయమంటాను. పేరు ఇష్టమైతే రాయొచ్చు. 30 కార్డులు చూడటానికి నాకు పది నిమిషాలు. వాటిని మూడు కుప్పలు చేస్తాను: వచ్చినవాళ్లు, ఒక మెట్టు దగ్గర ఆగినవాళ్లు, అసలు ప్రశ్నే పట్టుకోలేనివాళ్లు. మర్నాటి క్లాసు రెండో కుప్పతో మొదలుపెడతాను. మూడో కుప్పలో ఉన్నవాళ్లను విడిగా పలకరిస్తాను. మొత్తం మార్పులో ఒక్కటే చేయగలను అంటే ఇది చేయండి. 'అర్థమైందా' అని అడిగితే తల ఊపినవాళ్లంతా కార్డు మీద నిజం రాస్తారు.

ఇక లెక్చర్ మానేయమని నేను ఎప్పుడూ చెప్పను. కొత్త విషయాన్ని విద్యార్థులే కనుక్కోవాలని గంటల తరబడి వదిలేయడం వాళ్ల సమయాన్ని పాడుచేయడమే. నేను రోజూ చెబుతాను, పన్నెండు పదిహేను నిమిషాలు, బోర్డు మీద అదే గుంటూరు చేతిరాతతో. తేడా ఏమిటంటే వాళ్లు ముందు కాసేపు గింజుకున్నాక చెబుతాను. ఆకలేశాక వడ్డించిన అన్నంలా ఆ పదిహేను నిమిషాలు దిగుతాయి. ఫిర్యాదు చేసిన మీ విద్యార్థులకు దక్కనిది బహుశా ఇదే. మీరు పని ఇచ్చారు, ఆ పని చివర 'ఇదిగో, మీరు చేసిందంతా కలిపితే ఇది' అని ముడివేయలేదు. ఆ ముడి టీచర్ చేతే పడాలి.

ఫిర్యాదుల గురించి ఇంకొక మాట. 2019లో హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం క్లాసుల మీద ఒక పరిశోధన వచ్చింది. విద్యార్థులు తామే చేసి నేర్చుకున్న క్లాసుల్లో పరీక్ష మార్కులు ఎక్కువ వచ్చాయి, కానీ అదే విద్యార్థులు లెక్చర్ క్లాసులోనే ఎక్కువ నేర్చుకున్నామని చెప్పారు. మంచి లెక్చర్ వింటుంటే అంతా తేలిగ్గా సాగిపోతుంది, ఆ తేలిక అర్థమైనట్టు అనిపిస్తుంది. చేస్తూ తడబడితే ఏమీ రావడం లేదనిపిస్తుంది. మన క్లాసుకూ హార్వర్డ్‌కూ పోలిక లేదు, కానీ మనిషి మనసు ఒకటే. అందుకని మొదటి వారంలోనే ఈ సంగతి వాళ్లకు చెప్పేయండి. నేను రెండో రోజు పది నిమిషాలు దీనికే ఇస్తాను: 'మీకు తల నొప్పి పుట్టిన రోజే మీరు ఎక్కువ నేర్చుకున్న రోజు కావచ్చు, అలా అనిపిస్తే నాకు చెప్పండి, కలిసి చూద్దాం.' ఇలా చెప్పడం మొదలుపెట్టాక మా డిపార్ట్‌మెంట్‌కు నా మీద వచ్చే ఫిర్యాదులు దాదాపు ఆగిపోయాయి.

నిజంగా పనిచేస్తుందా అని అడిగారు. 2014లో స్కాట్ ఫ్రీమన్, ఆయన సహచరులు సైన్స్, ఇంజినీరింగ్, గణితం క్లాసుల మీద జరిగిన 225 పరిశోధనలను కలిపి చూశారు. సాదా లెక్చర్ క్లాసుల్లో తప్పినవాళ్లు సగటున 34 శాతం, విద్యార్థులు చేసే పని ఉన్న క్లాసుల్లో 22 శాతం. ఈ పన్నెండు శాతం చిన్నదిగా అనిపించవచ్చు. నా క్లాసులో అది ముగ్గురు నలుగురు మనుషులు. వాళ్లలో ఒకరు ఆ గిడ్డంగి కుర్రాడు.

నాకు ఇంకా ఎక్కువ నచ్చేది గణిత అధ్యాపకుడు యూరి ట్రైస్మన్ చేసిన పని. ఆయన బర్క్‌లీలో ఉన్న రోజుల్లో నల్లజాతి విద్యార్థులు కాల్క్యులస్‌లో ఎందుకు వెనకబడుతున్నారని చూశారు. చదువు మీద ఆసక్తి లేదు, ఇంట్లో ప్రోత్సాహం లేదు, పునాది లేదు అని అధ్యాపకులు కారణాలు చెప్పారు. ఆయన విద్యార్థుల వెంట ఉండి చూస్తే అవేవీ నిలబడలేదు. వాళ్లు గంటల కొద్దీ చదువుతున్నారు, కానీ ఒంటరిగా చదువుతున్నారు. చైనా మూలాలున్న విద్యార్థులు కలిసి కూర్చుని ఒకరి లెక్క ఇంకొకరు దిద్దుకుంటున్నారు. ఆయన వర్క్‌షాపులు పెట్టారు. వాటిలో సులువు లెక్కలు ఇవ్వలేదు, మామూలు క్లాసు కంటే కష్టమైనవి ఇచ్చి కలిసి చేయమన్నారు. ఫలితాలు బాగా మారాయి. వెనకబడ్డవాళ్లకు మెత్తటి పని ఇవ్వడం దయ అనుకునేవాళ్లకు నేను ముందు ఈ కథే చెబుతాను. నా మొదటి సెమిస్టర్‌లో నేను చెప్పుకున్న కారణాలు ఆ అధ్యాపకులవే, అక్షరం పొల్లుపోకుండా.

మార్కుల విషయానికి వస్తే, క్లాసు మార్చి పరీక్ష పాతదే ఉంచితే విద్యార్థులు పరీక్షనే నమ్ముతారు, నమ్మాలి కూడా. నేను ఇదివరకు నాలుగు పరీక్షలకు 80 శాతం పెట్టేదాన్ని. మొదటిది పోతే చాలామంది అక్కడే మానేసేవాళ్లు, లెక్క చూసుకుంటే వాళ్లు చేసింది తెలివైన పనే. ఇప్పుడు ప్రతి అంశానికి చిన్న పరీక్ష, తప్పితే రెండు వారాల్లో మరో ప్రశ్నపత్రంతో ఇంకో అవకాశం. కానీ అది ఊరికే రాదు. ఏం తప్పు చేశారో, ఎందుకు చేశారో సొంత మాటల్లో రాసి తెచ్చి, నా ముందు కూర్చుని ఐదు నిమిషాలు చెప్పాలి. ఫైనల్ మాత్రం డిపార్ట్‌మెంట్ అంతటికీ ఒకటే, దాన్ని కదిలించలేదు. పైన అన్న ప్రమాదం ఇదే: ఫలితాలకు డబ్బు ముడిపడినప్పుడు ప్రశ్నపత్రం సులువు చేసి శాతాలు పెంచాలన్న ఒత్తిడి ఎక్కడి నుంచైనా రావచ్చు. ఉమ్మడి ఫైనల్ ఒకటి ఉంటే మీరూ నిలబడగలరు, మీ విద్యార్థి నర్సింగ్‌లోనో యూనివర్సిటీలోనో తర్వాతి క్లాసుకు వెళ్లినప్పుడూ నిలబడగలడు.

ఇంతవరకు మీ గది లోపలి సంగతి. గది బయట కాలేజీ మారకపోతే మీరు చేసింది కొంత దూరమే వెళుతుంది.

మన గణితం వాళ్లకు దగ్గరగా తెలిసిన ఉదాహరణ ప్లేస్‌మెంట్ పరీక్ష. ఏళ్ల తరబడి కొత్తగా చేరినవాళ్లకు ఒక కంప్యూటర్ పరీక్ష పెట్టి, మార్కులు తక్కువ వస్తే క్రెడిట్ రాని, అంటే డిగ్రీ లెక్కలోకి రాని, డెవలప్‌మెంటల్ (పునాది) క్లాసుల్లో వేసేవాళ్లు. ఒకటి కాదు, రెండు మూడు మెట్లు. ఒక్కో మెట్టు ఒక్కో సెమిస్టర్. ప్రతి మెట్టు మధ్యలో కొందరు రాలిపోయేవాళ్లు, పాసైనవాళ్లు కూడా తర్వాతి దానికి రాకుండా పోయేవాళ్లు. టెనెస్సీ 2015 నుంచి దీన్ని రాష్ట్రమంతటా మార్చి, విద్యార్థిని నేరుగా క్రెడిట్ వచ్చే క్లాసులో కూర్చోబెట్టి పక్కనే సహాయక క్లాసు పెట్టింది. దాన్నే కోరిక్విజిట్ అంటారు. అంతకుముందు అలాంటి విద్యార్థుల్లో ఏడాదిలోపు కాలేజీ స్థాయి గణితం పూర్తిచేసినవాళ్లు 12 శాతం చుట్టూ ఉంటే, ఆ తర్వాత సగం దాటారు. టీచర్లు అదే మనుషులు, విద్యార్థులూ అలాంటివాళ్లే. మధ్యలో ఉన్న మెట్లు తీసేశారు. టెక్సాస్‌లో ఇలాంటి చట్టమే 2017లో వచ్చింది, డెవలప్‌మెంటల్ విద్యార్థుల్లో 2018లో 25 శాతం మందితో మొదలై 2020కి 75 శాతానికి చేరాలన్నారు. కాలిఫోర్నియా కూడా 2017లోనే తన చట్టం చేసింది.

నేను మొదట్లో దీన్ని వ్యతిరేకించాను. భిన్నాలు రానివాళ్లను ఆల్జీబ్రాలో ఎలా కూర్చోబెడతామని మీటింగ్‌లో వాదించాను. ఇప్పుడు అలా వాదించను. అయితే ఇది మంత్రం కూడా కాదు. మొత్తం మీద పాసయ్యేవాళ్లు పెరిగారు, కానీ నేరుగా పై క్లాసులో కూర్చుని మొదటిసారి తప్పేవాళ్లూ గణనీయంగానే ఉన్నారు. వాళ్ల కోసం సహాయక క్లాసు ఎలా నడుపుతున్నామన్నదే అసలు ప్రశ్న. ఆ గంటలో పొద్దున చెప్పిందే మళ్లీ చెబితే వృథా. రేపటి పాఠానికి ఏం కావాలో ఈ రోజు దాన్ని సిద్ధం చేయాలి. రేపు వాలు వస్తుందంటే ఈ రోజు రుణసంఖ్యల తీసివేత, అదీ వాలు లెక్కల్లో వచ్చే రూపంలోనే.

గణితానికి సంబంధం లేని అడ్డంకులు ఇంకా పెద్దవి. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ తన కమ్యూనిటీ కాలేజీల్లో 2007లో ఏఎస్ఏపీ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. పూర్తికాలం చదవాలన్న షరతు మీద మెట్రో కార్డు, పుస్తకాలు, ఫీజులో మిగిలిన లోటు, తక్కువమంది విద్యార్థులను చూసుకునే అడ్వైజర్, కలిసొచ్చే టైమ్‌టేబుల్ ఇచ్చింది. విద్యార్థులను చీటీలు తీసినట్టు రెండు భాగాలు చేసి చూస్తే, మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవాళ్లు ఇందులో 40 శాతం, ఇందులో లేనివాళ్లలో 22. పాఠం చెప్పే తీరు గురించి ఆ కార్యక్రమం పెద్దగా ఏమీ చేయలేదు. బస్సు టికెట్, పలకరించే మనిషి, గంటలు కలిసిరావడం. మా రాష్ట్రంలోనే అమరిల్లో కాలేజీ ఆహారం, అద్దె, పిల్లల సంరక్షణ వంటి అవసరాలకు సహాయ కేంద్రం పెట్టి విద్యార్థులను నిలబెట్టుకుంది, 2023లో మంచి కమ్యూనిటీ కాలేజీలకు ఇచ్చే ఆస్పెన్ బహుమతి పంచుకున్న రెండు కాలేజీల్లో అది ఒకటి. విద్యార్థి కేంద్రంగా అంటే నా దృష్టిలో ఇదీ అందులో భాగమే. సాయంత్రం ఆరు తర్వాత ట్యూటరింగ్ సెంటర్‌కు తాళం వేసే కాలేజీ, రాత్రి క్లాసు విద్యార్థి కోసం ఏం మార్చినట్టు?

మీ డీన్‌తో మాట్లాడేటప్పుడు అడ్జంక్ట్ టీచర్ల సంగతి తప్పక ఎత్తండి. కమ్యూనిటీ కాలేజీల్లో చెప్పేవాళ్లలో సగం కంటే ఎక్కువమంది పార్ట్ టైమ్. క్లాసుకింత అని ఇస్తారు, రెండు మూడు కాలేజీల మధ్య కారులో తిరుగుతుంటారు, చాలామందికి కూర్చోవడానికి గది కూడా ఉండదు. నేను పైన రాసినవన్నీ సమయం తినే పనులు. చీటీలు చదవడం, రెండో పరీక్ష తయారుచేయడం, విద్యార్థి ఎదురుగా కూర్చోవడం. వాటికి డబ్బు ఇవ్వకుండా శుక్రవారం మధ్యాహ్నం వర్క్‌షాప్ పెట్టి 'మీ పద్ధతి మార్చుకోండి' అనడం న్యాయం కాదు. మా దగ్గర మార్పు నిలబడింది ఎప్పుడంటే, ఒకే కోర్సు చెప్పే ఆరుగురం వారానికి గంట కలిసి కూర్చోవడానికి, ఆ గంటకు అడ్జంక్ట్‌లకు కూడా డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నప్పుడు. ఆ గంటలో మేం సిద్ధాంతాలు మాట్లాడలేదు. ప్రతివారం ఒకరు తమ క్లాసులో పిల్లలు రాసిన కాగితాలు తెచ్చేవాళ్లు, 'ఈ పిల్లవాడు ఇలా ఎందుకు రాశాడు' అని చూసేవాళ్లం. 30 ఏళ్ల అనుభవమున్న ఒక పెద్దాయన మొదటి నెల చేతులు కట్టుకుని కూర్చున్నారు. రెండో నెలలో తన క్లాసు కాగితాలు తెచ్చి ముందు పెట్టారు. వర్క్‌షాప్‌లు పదేళ్లుగా చేయలేని పని అది.

మీకు ఇప్పుడు చేతిలో ఉన్నది మిగిలిన సెమిస్టర్. అన్నీ ఒకేసారి మార్చకండి. వారానికి మూడు క్లాసులుంటే ఒక్కదాన్నే తీసుకోండి, దానికి నిజంగా మంచి ప్రశ్న ఒకటి తయారుచేయండి. రెండు నిమిషాలు ఒంటరిగా, ఎనిమిది నిమిషాలు జంటగా, తర్వాత మీరు ముడివేయడం. మిగతా రెండు క్లాసులు మీకు అలవాటైనట్టే చెప్పండి, చివర చీటీ మాత్రం మూడు క్లాసులకూ పెట్టండి. ఫిర్యాదు చేసిన ఆ ఇద్దరినీ పిలిచి, కోపం లేకుండా, ఏ రోజు క్లాసులో ఏం దొరకలేదో చెప్పమని అడగండి. వాళ్లు వెళ్లిపోకుండా ఫిర్యాదు చేశారంటే నేర్చుకోవాలనే ఉంది.

డీన్‌ను ఈ సెమిస్టర్‌కు రెండే అడగండి. విద్యార్థులు మీ మీద నింపే మూల్యాంకనం కాగితాలను ఈ ఒక్కసారికి మీ ఉద్యోగం రివ్యూలో లెక్కించవద్దని, మీతో అదే కోర్సు చెప్పే ఒకరిని మీ క్లాసులో, మిమ్మల్ని వాళ్ల క్లాసులో నెలకోసారి కూర్చోనివ్వమని. మొదటిది రాతపూర్వకంగా తీసుకోండి.

మొదటి వారం చీటీల్లో రెండో కుప్పలో ఏం వచ్చిందో ఇక్కడ రాయండి. విద్యార్థుల పేర్లు వద్దు, వాళ్లు రాసిన వాక్యాలు ఉన్నవి ఉన్నట్టుగా చాలు. వాటిని బట్టి తర్వాతి క్లాసుకు ఏ ప్రశ్న బాగుంటుందో చూద్దాం.